అరగంట నానాల్సిన జాలీ

నీళ్లలోంచి నూనెను విడదీయడం మీద నేను రెండేళ్లు తలబాదుకున్నాను. ఆ పిల్ల వచ్చిన మూడు నెలలకే నాకంటే బాగా విడదీసింది. కడుపు మండదా? మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది చిక్కడపల్లి. తాతగారు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాన్న, నేను ఇక్కడే పుట్టాం. ఇంట్లో అందరం చదువుకున్నవాళ్లమే, ఆ సంగతి వీధిలో ఎవరూ మర్చిపోకుండా అమ్మ చూసుకునేది. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నారాయణగూడలో ఒక కాలేజీ మూడో అంతస్తు లాబ్‌లో, మా సార్ దగ్గర ఒక ప్రాజెక్టులో చేరాను. హోటళ్లు వదిలే నీళ్లలో నూనె ఉంటుంది, మెకానిక్ షెడ్లు వదిలే నీళ్లలో డీజిలు ఉంటుంది, రంగుల దుకాణాల నీళ్లలో థిన్నరు ఉంటుంది. వేడి చేయకుండా, మందులేవీ కలపకుండా, టీ వడకట్టినంత తేలిగ్గా వాటిని నీళ్ల నుంచి వేరు చేసే సరుకు తయారు చేయాలి. మా పని అది.

నా సరుకు స్పాంజి. మామూలు స్పాంజికి నీళ్లంటే గిట్టని ఒక పూత పూసేదాన్ని. పూత ఆరాక దాని మీద నీళ్లు పోస్తే బొట్లు బొట్లుగా దొర్లి కింద పడేవి. నూనె పోస్తే గుటుక్కున తాగేసేది. ఇలాంటిదేదైనా చూపిస్తే చాలు, అందరూ తామరాకు మీద నీటిబొట్టు అని మొదలుపెడతారు. తామరాకులు మేమెక్కడ చూశాం? మా మార్కెట్‌లో చామాకు కట్టల మీద నీళ్లు చల్లినప్పుడు జరిగేదీ అదే. నేను చామాకు అనే చెప్పేదాన్ని. సార్ నవ్వి, "బాగుందమ్మా" అనేవారు. రెండేళ్లలో ఆయన నోటి నుంచి ఆ మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగని గుర్తుందంటే చూడండి, నాకు దాని కరువు ఎంతుందో.

నేను చేరిన మూడో ఏడు ఆ పిల్ల వచ్చింది. అంబర్‌పేట నుంచి బస్సులో వచ్చేది. వాళ్లది పాలమూరు వైపు ఊరు. తండ్రి మేస్త్రీ కింద పని చేసేవాడు, తల్లి అశోక్‌నగర్‌లో ఒక మెస్సులో గిన్నెలు తోమేది. ఈ సంగతులన్నీ మొదటి రోజే గడగడా చెప్పేసింది. దాచుకోవాలని ఆమెకి తోచనే లేదు. "నాకేం తెల్వదక్కా, అన్నీ నువ్వే నేర్పియ్యాలె" అంది. నాకు ఒకటే సంబరం. ఏమీ తెలియనివాళ్లు పక్కనుంటే మనకెంత తెలుసో చూసుకుని మనకే ముద్దొస్తుంది కదా. పూత ఎలా కలపాలో, ఎంతసేపు ఆరనివ్వాలో, నీటిబొట్టు ఎంత గుండ్రంగా నిలిచిందో ఎలా కొలవాలో దగ్గరుండి నేర్పాను. మధ్యాహ్నం ఆమె డబ్బాలో జొన్నరొట్టె సగం నాకు పెట్టేది. నా పులిహోర సగం ఆమెకి.

ఒకరోజు చూద్దును కదా, సన్న కంతల స్టీలు జాలీ ఒకటి గుండ్రంగా కత్తిరించి దానికేదో పూస్తోంది. ఏమిటా అని చూస్తే జిగురులాంటి పూత. నీళ్లు పీల్చి ఉబ్బే రకం.

"ఏమ్మా, తిరగేసి చేస్తున్నావు? మనక్కావాల్సింది నీళ్లంటే గిట్టని పూత కదా" అన్నాను, నవ్వుతూ.

"జర చూద్దామక్కా. కాకుంటే పారేస్త."

జాలీని అరగంట నీళ్లలో నానబెట్టింది. రెండు గాజు గొట్టాల మధ్య బిగించి, పైనుంచి నూనె కలిసిన నీళ్లు పోసింది. నీళ్లు సన్నటి ధారగా కిందకి దిగిపోయాయి. నూనె పైనే ఆగిపోయింది. ఒక్క చుక్క దిగలేదు. గొట్టం తిప్పి తిప్పి చూశాను, కింద ఎక్కడా జిడ్డు లేదు.

"ఇదెలా తట్టింది నీకు?"

"గారెలు తట్టేటప్పుడు చెయ్యి తడుపుకుంటం గద అక్కా. తడి చేతికి పిండి అంటదు. గిది గూడ గట్లనే. జాలీ ముందుగాల నీళ్లు తాగి ఉంటే నూనెకు జాగా దొరకది."

"మరి తడపకపోతే?"

"అంతే ఇగ. ఎండు జాలీ మీద నూనె పడ్డదంటే అదే కూసుంటది. మల్ల ఎంత జేసినా లెవ్వది."

సార్ వచ్చి చూశారు. "అరె వాహ్!" అన్నారు. ఆయనకి ఆ మాట వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ ముందు ఏడ్చినంత పని చేశాను. "రెండేళ్ల నుంచి నేను చేస్తుంటే, నిన్నగాక మొన్న వచ్చి గారెల కథ చెప్పి ఎగరేసుకుపోతోంది" అన్నాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. "ఇందులో కథేముందే, చేతికి తడి లేకపోతే పిండి అంటుకోదూ?" అంది, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ. అదీ నా కడుపుమంట. మా వంటింట్లోనూ గారెలు వండుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాను. నాకెందుకు తట్టలేదు? వేరే దేశం పుస్తకం చదివి చేసి ఉంటే ఓర్చుకునేదాన్ని. మా ఇంటి పొయ్యి ముందు పడి ఉన్నదాన్ని ఎవరో వచ్చి ఎత్తుకుపోయినట్టుంది.

అప్పటి నుంచి ఆ పిల్ల ఏం చేసినా నాకు తప్పుగానే కనిపించేది. గట్టిగా నవ్వితే తప్పు, నవ్వకపోతే పొగరు. సార్ లాబ్‌లోకి రాగానే ముందు ఆమె బల్ల దగ్గరికి వెళ్లేవారు. నేను అటు చూడనట్టు నటించి, చెవులు మాత్రం అక్కడే పెట్టేదాన్ని. ఆమె పెట్టిన రొట్టె తింటూనే కుళ్లుకున్నాను. ఇంతకంటే సిగ్గులేనితనం ఉంటుందా? రొట్టె మాత్రం బాగుండేది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఒకరోజు ఆమె తల్లి పని చేసే మెస్సు నుంచి క్యాన్ నిండా గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చింది. మేం లాబ్‌లో ఎప్పుడూ శుభ్రమైన నీళ్లలో శుభ్రమైన నూనె కలిపి పరీక్షించేవాళ్లం. రెండేళ్లలో నేను ఒక్క హోటల్ మురుగు మోరీ దగ్గరకైనా వెళ్లిన పాపాన పోలేదు. ఆమె జాలీ మీద ఆ నీళ్లు పోస్తే కాస్త నెమ్మదిగానైనా పని జరిగింది. "అక్కా, నీది గూడ చూద్దామా?" అంది, ఏ కల్మషమూ లేకుండా. కాదంటే బాగుండదని సరే అన్నాను. ఆ నీళ్లలో గిన్నెల సబ్బు ఉంది. సబ్బు తగిలేసరికి నా పూత చేతులెత్తేసింది. నా స్పాంజి నీళ్లనీ నూనెనీ కలిపి, ఏ బజారు స్పాంజి అయినా తాగినట్టే తాగింది. దాన్ని తీసి సింకులో పిండేశాను.

"ఏంగాదక్కా. నేనెవ్వరికి చెప్ప" అంది.

నిజంగానే చెప్పలేదు. నా రహస్యం ఆమె దాచినందుకు కృతజ్ఞత ఉండాలి కదా నాకు? ఉండకపోగా, ఆమె దయ మీద బతకాల్సి వచ్చిందే అని ఇంకా మండింది.

ప్రాజెక్టు గడువు దగ్గరపడింది. సార్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. కమిటీ వస్తుంది, రెండు సరుకులూ పని చేసి చూపించాలి, ఒక్కటే ముందుకెళ్తుంది. ఎవరిది నెగ్గితే వాళ్లకి పీహెచ్‌డీ సీటు, ఫెలోషిప్. రెండోవాళ్లు వేరే దారి చూసుకోవాలి. మెట్లు దిగుతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్ల ఒక్క యేడాది అడిగినక్కా. గది గూడ అయిపోవట్టె. ఇది రాకపోతే మా నాయిన స్కూల్ల టీచరుగ చేరమంటున్నడు. చేరితే ఇగ లాబ్ మొకం జూసుడు ఉండది." నాకు రాకపోతే ఏమవుతుంది? ఇంకో కాలేజీ, ఇంకో సార్. అమ్మ వీధిలో చెప్పే కబురు కాస్త మారుతుంది. ఈ తేడా నాకు తెలుసు. తెలియక చేశానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నుంచీ వాన. ఆ పిల్ల అశోక్‌నగర్ మెస్సుకెళ్లి తాజాగా ఆ మురికినీళ్లు తెస్తానని బయల్దేరింది. లాబ్ నీళ్లతో చూపిస్తే ఏం గొప్ప అని ఆమె పట్టుదల. పది దాటాక ఫోన్ చేసింది. వెనకాల హారన్ల మోత.

"అక్కా, క్రాస్‌రోడ్స్ కాడ మొత్తం జామ్ అయింది. నడుస్తనే వస్తున్న. నా జాలీ బల్ల మీద ఎండుగనే ఉంది, జర నీళ్లల్ల ఏస్తవా? అరగంట నానాలె. నేను వచ్చేసరికి బిగిచ్చి పెట్టు."

"సరేలే, వేస్తాను. నువ్వు జాగ్రత్తగా రా" అన్నాను.

గిన్నె తీశాను. నల్లా తిప్పాను. గిన్నె నిండింది. జాలీ నా రెండు వేళ్ల మధ్య ఉంది, నీళ్లకి జానెడు పైన. అంతలో సార్ తలుపు దగ్గర నుంచి, "వాళ్లు ముందే వచ్చేశారమ్మా, కింద టీ తాగుతున్నారు, మీ సామాన్లు సర్దుకోండి" అని చెప్పి వెళ్లిపోయారు. జాలీని గిన్నె పక్కన పెట్టాను. నా స్పాంజి సర్దుకున్నాను. నా నూనెలో ఎర్ర రంగు కలుపుకున్నాను, చూడ్డానికి బాగుంటుందని. తర్వాత కిటికీ దగ్గర నిలబడి వాన చూశాను. హడావుడిలో మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ సేపంతా నా వెనక ఆ గిన్నె ఎక్కడుందో, జాలీ ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఆ ఎండు జాలీని తీసి, నా చేతులతోనే రెండు గొట్టాల మధ్య బిగించాను. కనిపించడానికి గాజు మీద నాలుగు నీటి చుక్కలు కూడా చిలకరించాను.

ఆ పిల్ల జుట్టంతా తడిసి, క్యాన్ చంకన పెట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. కమిటీవాళ్లు అప్పటికే కుర్చీల్లో ఉన్నారు.

"నానబెట్టినవా అక్కా?"

"ఆఁ. పెట్టాను."

నా వైపు చూసి నవ్వి, క్యాన్‌లోంచి గాజుపాత్రలోకి ఒంపి, ఎత్తి పోసింది. నూనె ఎప్పుడూ పైనే తేలుతుంది కదా, పాత్ర వంచగానే ముందు పడేది అదే. ఎండు జాలీ మీద ముందు నూనే పడింది. పసుపు కారం రంగు జిడ్డు జాలీలోంచి కిందకి కారింది, దాని వెనకే నీళ్లు. రెండూ కలిసే దిగాయి. పైన ఏమీ మిగల్లేదు. ఒకాయన కళ్లజోడు సవరించుకున్నారు.

ఆమె గొట్టం విప్పి జాలీని వేలితో తాకింది. నానిన పూత సబ్జా గింజలా జారుతుంది, నానకపోతే గరుగ్గా ఉంటుంది. ఆ తేడా ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. తల తిప్పి నన్ను చూసింది. ఎంతసేపో కాదు, ఒక్క చూపు. తర్వాత కమిటీ వైపు తిరిగింది.

"తప్పు నాదే సార్. నానబెట్టుడు మర్చిపోయిన."

"ఒకరోజు మర్చిపోతే చెడిపోయే సామాను బయట ఏం పనికొస్తుందమ్మా?" అన్నారు ఆ కళ్లజోడాయన. రెండోసారి చూపించడానికి ఆ జాలీ పనికిరాదు, నూనె కూర్చుంది. ఇంకోటి నానబెట్టే వ్యవధి లేదు. తర్వాత నా వంతు. లాబ్ నీళ్లు, ఎర్ర నూనె, తెల్ల స్పాంజి. స్పాంజి ఎర్రగా అయింది, నీళ్లు తేటగా మిగిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా స్పాంజి సంగతి తెలిసిన ఒక్క మనిషి అదే గదిలో మూలన నిలబడి, క్యాన్ మూత బిగించుకుంటోంది. "సబ్బునీళ్లు పోసి చూడుండ్రి సార్" అని ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

సీటు నాకొచ్చింది. వెళ్లిపోయే రోజు, "నీకు రావాల్సిందే అక్కా, నాకన్న ముందు సంది చేస్తున్నవ్ గద" అంది. తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని రెండు పీకినా నేను ఓర్చుకునేదాన్ని, పీడా పోయేది. ఆ మంచితనం ఎవడిక్కావాలి? దాంతో నేనేం చేసుకోను?

పీహెచ్‌డీ అయింది. స్పాంజి మాత్రం బయటికి పోలేదు. తీసుకెళ్లిన ప్రతిచోటా నీళ్లలో సబ్బు ఉంది. ప్రపంచంలో నూనె ఉన్నచోటల్లా సబ్బు ఉంటుందని గిన్నెలు తోమే ఇంటి పిల్లకి తెలిసింది, నాకు డాక్టరేట్ వచ్చాక తెలిసింది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసేవాళ్లకి సైన్స్ చెప్తున్నాను. పొద్దున్న నడిచి వెళ్తాను, సాయంత్రం నడిచి వస్తాను. ఆ మెస్సు ఉన్న గల్లీ మాత్రం ఎప్పుడూ తప్పించుకునే వెళ్లేదాన్ని.

మొన్న మా సెంటర్ గల్లీ తవ్వి పోశారు. మధ్యాహ్నం క్లాసుకి వెళ్తూ చుట్టూ తిరిగి ఆ గల్లీలోంచే పోవాల్సి వచ్చింది. ఆకలి కూడా వేసింది. ఎన్నేళ్లు భయపడతాను అనుకుని లోపలికి వెళ్లి భోజనం చేశాను. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే, గిన్నెలు తోమేచోట నల్లా కింద ఒక స్టీలు పెట్టె, దాని మూతికి జాలీ. జాలీ పైన చిన్న డ్రమ్ము, దానికొక సన్న గొట్టం. కంతల సైజు చూడగానే అది ఎవరిదో నాకు తెలిసిపోయింది.

ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని పళ్లేలు తోముతోంది. నేను అలా నిలబడి చూస్తుంటే ఆవిడే చెప్పింది. "నా బిడ్డ చేసిందమ్మా. జిడ్డు మీదనే ఆగిపోతది, నీళ్లు కిందికి పోతయి. ఇప్పుడు గీ గల్లీల మోరీ నిండుడే లేదు. చుట్టుపక్కల అన్ని మెస్సులల్ల ఇదే పెట్టిండ్రు. నన్ను పని బందు వెట్టమంటది, నాకే ఇంట్ల కూసుంటే తోచది."

"పైన ఆ డ్రమ్ము ఎందుకు?" అన్నాను. ఎందుకో నాకు తెలుసు. అయినా అడిగాను.

"జాలీ ఎప్పటికి తడిగుండాలెనంట. ఎండితే జిడ్డు వట్టుకుంటది. ఎన్కట ఎవరో మర్చిపోయిండ్రంట, మొత్తం ఖరాబయిందంట. గందుకే బొట్టు బొట్టు దానంతల అదే పడేటట్టు పెట్టింది. మర్చిపోయినోళ్లది తప్పు గాదే అమ్మా అంటది. మర్చిపోతే చెడిపోయే సామాను చేసినోళ్లదే తప్పంట."

చేతులు కడుక్కోవడం మర్చిపోయాను. నేను చేసిన పాపాన్ని కూడా ఆ పిల్ల నాకు మిగల్చలేదు. దాన్నీ తీసుకెళ్లి పనిలో పెట్టేసింది. ఇంత జరిగాక కూడా నాలో కదిలింది పశ్చాత్తాపం కాదు, నిజం చెప్తున్నాను. నాకు ఆ డ్రమ్ము మీద అసూయ కలిగింది. ఆ గొట్టం ఆలోచన మీద అసూయ కలిగింది. అది నాకెందుకు తట్టలేదని.

ఆవిడ తలెత్తి డ్రమ్ము వైపు చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, పొద్దుగాల సంది నల్లా రాలె, డ్రమ్ము ఎండిపోయినట్టుంది. బిడ్డా, నా చేతులు సబ్బు చేతులు. ఆ బకెట్ల నీళ్లున్నయి, జాలీ మీద జర ఒక మగ్గు పోస్తవా?"

ఆవిడ పక్కన నూనె పళ్లేలు ఎత్తుగా ఉన్నాయి. కడిగిన నీళ్లు కుమ్మరించడానికి సిద్ధంగా ఉన్నాయి. బకెట్‌లో మగ్గు ముంచాను. జాలీ అంతా తడిసేదాకా అంచుల చుట్టూ తిప్పి పోశాను.

"పోసినవా బిడ్డా?"

"పోశానమ్మా" అని, ఎడమచేతి వేలితో తాకి చూశాను. ఇంకా గరుగ్గానే ఉంది. రెండో మగ్గు పోశాను. అరగంట నానాలి కదా, సెంటర్‌కి ఫోన్ చేసి క్లాసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, ఆవిడను ఆ జిడ్డునీళ్లు ఒంపకుండా ఆపి, అక్కడే నిలబడి మగ్గు మీద మగ్గు పోస్తూ ఉన్నాను.